అజ్ఞానమను రోగనిర్ణయము

కర్నూలు, కడప మండలములలో ఆరోగ్యమును గూర్చి యెక్కడ సభ జరిగినను, అది జిల్లా కేంద్రమందలి చల్లని గదిలో కానిండు, కోసిగి వంటి యూరిలో బడియరుగు మీద కానిండు, అధ్యక్షుడు మొదలుకొని వందనసమర్పణ చేయువాని వఱకు అందఱును ఏకకంఠముగా పలికెడి మాట యొకటి గలదు: మన జనులు అజ్ఞానులు, మూఢవిశ్వాసములలో మునిగియున్నవారు, కావుననే వారికిన్ని రోగములు; వారికి అవగాహన కల్పించిన చాలును, రోగములు తమంతట తామే తొలగిపోవును. ఈ మాట పలుకువారు దుష్టులు కారు. నేనెఱిగినంతలో వారిలో పలువురు రాత్రుల నిద్ర మానుకొని రోగులకు సేవ చేసినవారే. మంచివారు పలికెడి తప్పుమాటను శంకించువారుండరు కావున, దానిని ఖండించుటకే యెక్కువ శ్రమపడవలసియున్నది.

ఈ మాటకు పుట్టిన బిడ్డ వంటి మాట మఱియొకటి కలదు. నర్సింగు విద్యార్థులకును, ఆరోగ్యసేవలో ప్రవేశించు తక్కినవారికిని సమాజశాస్త్రము నొక విషయముగా బోధింతుము గదా, అది వట్టి అలంకారమనియు, పరీక్షకు ముందు రెండు రాత్రులు 'పాత్ర', 'అంతస్తు', 'సామాజికీకరణము', 'కళంకము' అను నిర్వచనములను వల్లించి, ఐదు మార్కుల ప్రశ్నకు వ్రాసి, పరీక్షామందిరపు గడప దాటగానే మఱచిపోదగిన దనియు ఆ మాటకు తాత్పర్యము. శరీరశాస్త్రమునకు ఎముకలున్నవి, ఔషధశాస్త్రమునకు సీసాలున్నవి, మీ శాస్త్రమునకు మాటలు తప్ప మఱేమున్నవని వైద్యమిత్రు డొకడు నన్నొకప్పుడు పరిహసించెను. ఇరువదియేండ్లకు పైగా ఆ మాటలనే బోధించి జీతము పుచ్చుకొన్న నాకు ఆనాడు తగిన సమాధానము తోచలేదు. తోచుటకు చాలకాలము పట్టినది.

ఆ సమాధానమును కర్నూలు సీమలోని పత్తికొండతో మొదలుపెట్టెదను. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీని మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆ యూరిలో కలరా సోకి మరణించెను. 1800 నుండి ఏడేండ్లు, నిజాము కుంఫిణీవారికిచ్చిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, ఇక్కడి పొలముల కొలతలను, పన్నుల లెక్కలను తన చేతిరేఖలవలె నెఱిగినవాడు. స్వదేశమునకు మరలిపోకమునుపు తానేలిన సీమను కడసారి చూచిపోదమని వచ్చినవాడు. కలరా నీటివలన వచ్చునని ఆ కాలమున లండను వైద్యులకును తెలియదు. జాన్ స్నో ఆ సంగతిని వాడవాడ తిరిగి చూపుటకు 1854 వఱకు, రాబర్ట్ కాక్ దాని క్రిమిని గుర్తించుటకు 1880ల వఱకు లోకము వేచియుండవలసివచ్చెను. గవర్నరునకు తెలియనిదే పత్తికొండ కూలివానికిని తెలియదు. అయినను గవర్నరు చావును విషాదమనిరి, దైవఘటన యనిరి, ఆయన జ్ఞాపకార్థము అచ్చట తోపు నాటించి బావి కట్టించిరి. (కలరాతో పోయినవానికి బావి స్మారకచిహ్నమగుట చరిత్రకు గల హాస్యప్రియత్వము కాబోలు.) అదే యెండలో అదే నీరు త్రావి అదే రోగముతో పోయిన కూలివాని చావును మాత్రము ఆనాటినుండి నేటి వఱకు అజ్ఞానఫలమనుచున్నాము. నీరొక్కటే, క్రిమి యొక్కటే, ఎఱుకలేమియు నొక్కటే. పేరులు మాత్రము రెండు. ఈ రెండు పేరులెట్లు వచ్చెనని యడిగినవాడు 'అంతస్తు' అను పాఠములో సగము చదివినట్లే.

అర్ధశతాబ్ది గడచెను. ధాతనామ సంవత్సరపు కఱవు వచ్చెను. 1876 నుండి 1878 వఱకు మద్రాసు రాజధానిని దహించిన ఆ కఱవులో కర్నూలు మండలము అన్నిటికన్న నెక్కువగా నలిగిన వానిలో నొకటి. 1871 నాటి జనాభా లెక్కకును 1881 నాటి లెక్కకును నడుమ ఈ మండలపు జనసంఖ్య దాదాపు నాలుగవవంతు తగ్గినది. చచ్చినవారెందఱో, ఊరు విడిచినవారెందఱో విడదీయుట కష్టమే. విడదీసినను ఊఱట లేదు. 1877 ప్రారంభమున భారత ప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయపు పనులలో రాళ్లు కొట్టి మట్టి మోసెడి మగకూలికి దినమునకొక పౌను ధాన్యమును, అనగా నేటి లెక్కలో 450 గ్రాములును, కూరనారకు గాను కొద్ది కాసులును చాలునని తీర్పుచెప్పెను. ఈ టెంపుల్ క్రూరుడని తేల్చివేయుట సులభము. కాని మూడేండ్లకు మునుపు బీహారులో కఱవు వచ్చినపుడు చేయి జాచి ధాన్యము తెప్పించి జనులను బ్రతికించినవాడును ఇతడే; అందుకుగాను దుబారా చేసినాడని పైవారిచే తిట్లుతిన్నవాడును ఇతడే. ఒక కొలువు, ఒక పొగడ్త, ఒక మందలింపు మనుష్యుని చేతినెట్లు ముడిపించునో తెలిసికొనగోరువారు ఇతని చరిత్రను చదువవలెను. దీనిని మా శాస్త్రములో 'పాత్ర' యందురు.

టెంపుల్‌ను ఎదిరించినవాడు రాజకీయనాయకుడు కాడు, వైద్యుడు. మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్, పని చేయు దేహమునకు ఆ పౌను చాలదని లేఖపై లేఖ వ్రాసి, తూకములతో, కొలతలతో వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము ఆ కూలిని పెంచకతప్పలేదు. కాని ఆ నడుమ చచ్చినవారి పేరులెదుట మరణముల పట్టికలలో ఏమి వ్రాసిరి? కలరా, మశూచి, జ్వరము, రక్తగ్రహణి. అవి యబద్ధములు కావు. ఎండిన దేహములో ఏదో యొక క్రిమి చివరి పని పూర్తిచేయకపోదు. కాని కంచెకోలతో కొట్టి చంపినవానిని విడిచి కంచెకోలను బోనెక్కించుట వంటిది ఆ పట్టిక. వైద్యవిద్యార్థికి క్రిమిని చూపు కన్ను అక్కఱయే. కఱవును చూపు కన్ను కూడ నక్కఱ. కార్నిష్‌కు రెండును ఉండెను. ఆయనకు సమాజశాస్త్రమను పేరైనను అంతగా తెలిసియుండదు, అయినను ఆ శాస్త్రము చేయగల పనిని చేసెను.

ఇది పాతకథ, ఇప్పుడు గంజికేంద్రములు లేవు, కఱవు బియ్యపు బస్తాలు లేవు అని కొందఱందురు. అట్లయిన జొన్నరొట్టె సంగతి విందురుగాక. దక్కను మెట్టసీమలో జొన్నయే ప్రాణాధారమైన పేదలలో పెల్లాగ్రా యను రోగము ఇరువదవ శతాబ్దమధ్యమున కూడ కానవచ్చుచుండెను: ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొలుసులు లేచుట, మెడచుట్టును హారము వేసినట్లు మచ్చ కట్టుట, విరేచనములు, తుదకు మతి చలించుట. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా అనువారు 1960లో, జొన్నయందు ల్యూసిన్ అను పదార్థ మధికముగా నుండుటయే ఈ రోగమునకు కారణము కావచ్చునని ప్రతిపాదించిరి. చక్కని పరిశోధన, నేను తక్కువచేయను. కాని ఇచ్చట నాకొక ప్రశ్న కలదు. నంద్యాల చెఱువుక్రింది పెద్దరైతు ఇంటను జొన్నరొట్టెయే తినుచుండిరి, ఆయన పొలమున కలుపుతీయు కూలిదాని గుడిసెలోను జొన్నరొట్టెయే తినుచుండిరి. మెడకు హారము కూలిదానికే యేల పడవలె? రైతు రొట్టెకు ప్రక్కన పప్పుండెను, పైన నేయుండెను, చివర గడ్డపెరుగుండెను. కూలిదాని రొట్టెకు ప్రక్కన గోంగూర కారము కూడ దొరకని దినములుండెను. ఒకే ధాన్యము ఒక యింట ఆహారమయ్యెను, ఒక యింట రోగమయ్యెను. ల్యూసిన్ రెండిండ్లలోను ఒక్కటే. వర్గమనెడి మాటను పుస్తకములోనుండి తీసి కంచములో పెట్టినచో అదిట్లు కనబడును.

ఈ సంగతిని దేశాంతరమున ఒక వైద్యుడును ఒక అర్థశాస్త్రవేత్తయు కలసి చాలమునుపే తేల్చియుండిరి. అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రా ప్రబలినపుడు అది అంటురోగమనియు, మురికిజనుల రోగమనియు పెద్దలనేకులు నమ్ముచుండగా, జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను ప్రభుత్వవైద్యుడు అది తిండిలోని లోపమని 1914 నుండి వాదించెను. ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అను అర్థశాస్త్రవేత్తను తోడు చేసికొని దక్షిణ కరొలైనాలోని ప్రత్తిమిల్లు గ్రామములలో ఇంటింటి రాబడిని, ఇంటింటి వంటను లెక్కించెను. రాబడి తగ్గినకొలది రోగము పెరుగుట వారికి కనబడెను. ప్రత్తి గుమ్మముల దాక పెంచినచోట పాలకును కూరకును చోటుండదని కూడ వారు గ్రహించిరి. ఆదోని ప్రత్తిమార్కెటు నుండి సందడిగా బయలుదేరు బస్తాలను చూచినపుడెల్ల నాకీ కథ జ్ఞప్తికి వచ్చును, ఎందులకో చెప్పనక్కఱలేదు.

ఇక ప్రతివాది పక్షమును వినవలసియున్నది. అజ్ఞానము లేదందువా అని ఆయన యడుగును. లేదనను. ముఱ్ఱుపాలను పిండి పాఱబోసిన యిండ్లను నేనెఱుగుదును. పాముకాటునకు మంత్రగాని వద్దకు తీసికొనిపోయి గంటలు పోగొట్టుకొన్న తండ్రుల నెఱుగుదును. సూది వేయించిన బిడ్డకు జ్వరము వచ్చినదని మఱల ఆ ముఖమున అంగన్‌వాడీ మెట్లెక్కని తల్లుల నెఱుగుదును. ఆ తెలియమి పోవలెను, దానిని పోగొట్టెడి ఆశా కార్యకర్తకును నర్సమ్మకును నేను నమస్కరింతును. నా వివాదమెల్ల ఒక్క మెట్టు మీద. తెలియమి యెచ్చట నున్నదో అచ్చట అది యేల నిలిచియున్నదని యడుగకుండుట, తెలిసియు చేయలేని చోట గూడ తెలియమినే నిందించుట, ఈ రెండును వైద్యము చేయవు.

ఇంకొక సంగతి. జ్ఞానము ఎల్లప్పుడును పట్నమునుండి పల్లెకే ప్రవహించునని యెవరు చెప్పిరి? నల్లమలకు తూర్పున, ఆ కాలమున నెల్లూరు జిల్లాలో చేరియుండిన పొదిలి, దర్శి ప్రాంతములలో నీటిలోని ఫ్లోరైడువలన మనుష్యుల ఎముకలు వంగిపోవుచున్నవని షార్ట్ మొదలగు వైద్యులు 1937లో లోకమునకు ప్రకటించిరి. భారతదేశమున ఆ రోగమును గుర్తించుట అదియే తొలిసారి. కాని అంతకు మునుపే అచ్చటి రైతులు తమ యెద్దులు కాళ్లు బిగిసి కాడి లాగలేకపోవుటను కనిపెట్టి నీటిని అనుమానించిరని చెప్పుదురు. ఆ రైతులను 'అవగాహనా సదస్సు'నకు పిలిచి మూలకు కూర్చుండబెట్టి యుందుమేమో మనము. అట్లే తట్టు పోసినచో అమ్మవారు వచ్చినదని బిడ్డను వేఱుగా నుంచి, గుమ్మమునకు వేపమండ కట్టి, పరాయివారిని రానీయని ముసలమ్మను చూచి నవ్వెడి విద్యార్థి, తాను పుస్తకములో చదివిన 'ఏకాంతవాసము' ఆ వేపమండలో నున్నదని గ్రహింపడు. వేపమండ టీకాకు బదులు కాదు. కాని ఆ ముసలమ్మ నడిగి గుమ్మము దాటిన నర్సునకు టీకా వేయుట సులభము; నవ్వి దాటినదానికి ఆ గుమ్మము మఱి తెఱచుకొనదు.

ఇప్పుడు నా మిత్రుడు పరిహసించిన 'మాటల'లో నొకదానిని తీసికొని కొంచెము నిలిచి చూతము. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు టాల్కాట్ పార్సన్స్ 1951లో 'రోగిపాత్ర' యనెడి భావమును ప్రతిపాదించెను. రోగము శరీరమునకే కాదు, సమాజములో మనుష్యుని స్థానమునకును సంబంధించినదని ఆయన తలంపు. రోగియైనవానికి రెండు సౌకర్యములు, రెండు విధులు: తన నిత్యకృత్యములనుండి వానికి విడుదల గలదు, రోగము వచ్చినందుకు వానిని నిందింపరాదు, ప్రతిగా వాడు బాగుపడగోరవలెను, తగిన వైద్యుని యాశ్రయింపవలెను. చూచుటకు సొంపైన భావము. విద్యార్థులు దీనిని కంఠస్థము చేసి ఐదుకు ఐదు తెచ్చుకొందురు.

దీనిని ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయము వైపులకు తీసికొనిపొండు. అచ్చట వానలు వెనుకబడి, పంట చేతికి రాని యేడాది, సంక్రాంతికి ముందును వెనుకను ఊళ్లకు ఊళ్లు తాళము వేసికొని సుగ్గికి పోవును. సుగ్గి యనగా కోతకాలపు వలస. గుంటూరు, పల్నాడు వైపు మిరపచేలకును ప్రత్తిచేలకును పిల్లాపాపలతో, చాపాచాటలతో వ్యానులెక్కి పోయి, చేలగట్లపై పట్టలు కప్పిన గుడిసెలలో రెండుమూడు నెలలుండి వత్తురు. మేస్త్రీవద్ద ముందుగా పుచ్చుకొన్న పైకము మెడమీద నుండును. ప్రత్తి తీసినంత తూకమునకే కూలి. ఇట్టి యొకతెకు సాయంకాలములందు జ్వరము, దగ్గు, చిక్కిపోవుట మొదలైనవి కనబడినవనుకొందము. 'అమ్మా, విశ్రాంతి తీసికొనుము' అని ఆసుపత్రిలో చెప్పిరి. పార్సన్స్ చెప్పిన మొదటి సౌకర్యమిది. ఆ సౌకర్యమును ఆమెకెవరిత్తురు? మేస్త్రీ ఇయ్యడు, చేను ఇయ్యదు, తూకపురాయి యియ్యదు, ఇంటిలో అత్తయు మగడును ఇయ్యరు. ఆడది మూలుగుచు పనిచేయుటకు మన యిండ్లలో 'ఓర్పు' అను మెప్పున్నది. మంచము పట్టుటకు 'సోమరితనము' అను తిట్టున్నది. విడుదల లేనివాడు రోగి కాజాలడు; రోగమున్నవాడే కాని రోగిపాత్ర లేనివాడు. పార్సన్స్ సిద్ధాంతము ఇచ్చట విఱిగిపోవుచున్నదని మీరందురేని, అవును, విఱుగుచున్నది. అది యెచ్చట విఱుగునో అచ్చట చేయి పెట్టి చూపుటకే దానిని నేర్పవలెనని నా వాదము. కొలబద్ద లేనిదే వంకర తెలియదు.

ఆ స్త్రీకి క్షయ యని తేలినది. ఆఱు నెలలు మందు విడువక మ్రింగవలెను. రెండవ నెలలో సుగ్గికి పోవువేళ వచ్చినది, మందు నడుమ తప్పినది. కేసుషీటులో వైద్యుడేమి వ్రాయును? 'అవగాహన లేక మందు మానినది.' మందు గుంటూరులోను దొరకును, నిజమే. కాని అందులకు పేరు బదిలీ చేయించుకొనవలెను, తెలియని యూరిలో తనకా రోగమున్నదని నలుగురి యెదుట చెప్పుకొనవలెను, చెప్పుకొన్ననాడు గుడిసెలోని తక్కిన ఆడవారు తన చెంబుతో నీళ్లు ముట్టరు, మేస్త్రీ మఱుసటి యేడు తనను పిలువడు. 'కళంకము' అను మాటను గూర్చి సమాజశాస్త్రజ్ఞుడు ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఒక గ్రంథము వ్రాసెను. ఆ చెంబు దానిలో లేదు, అయినను దాని సారమంతయు ఆ చెంబులో నున్నది.

ప్రభుత్వమునకే ఈ సంగతి కొంత తెలిసినది. 2018 నుండి క్షయరోగికి చికిత్సాకాలమున పోషణకై నెలకు 500 రూపాయలిచ్చిరి. 2024 నవంబరునుండి దానిని 1000 చేసిరి. జార్ఖండ్‌లో క్షయరోగుల యింటివారికి నెలనెలా తిండిగింజలు, పప్పు ఇచ్చి చూచిన యొక పెద్ద పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. తిండి యందిన యిండ్లలో క్రొత్తగా క్షయ సోకుట దాదాపు 40 శాతము తగ్గినది. ఇంటింట కరపత్రములు పంచినందున కాదు, కందిపప్పు వంటి పదార్థము పొయ్యిమీద నుడికినందున. కార్నిష్ బ్రతికియున్నచో ఆశ్చర్యపడియుండడు.

మరణముల పట్టికల మాట మునుపు వచ్చినది కనుక మఱొకటి. 2001 ప్రాంతమున అనంతపురము జిల్లాలో పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రైతుల చావులను వెదకుచు పోయినపుడు, అట్టి మరణములు పెక్కింటికి కారణము 'కడుపునొప్పి తాళలేక' అని పోలీసు పట్టికలలో వ్రాసియుండుటను చూపెను. కడుపునొప్పి! పురుగుమందు త్రాగినవానికి కడుపు నొప్పక యేమగును? అప్పు, ఎండిన బోరు, మొలవని వేరుసెనగ, ఇవేవియు ఆ గడిలో పట్టవు. ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు ఎమిల్ డర్కైమ్ 1897లో ఆత్మహత్యను గూర్చి వ్రాసిన గ్రంథములో ఒక్కొక్కని ఏకాంతములో జరిగెడి యీ పనికిని సమాజపు బిగువు సడలుటకును గల సంబంధమును సంఖ్యలతో చూపెను. ఆయనకు చిక్కిన ఫ్రెంచి పట్టికలలోను ఇట్టి కారణములే వ్రాసియుండగా, ఆయన వానిని నమ్మక ప్రక్కన పెట్టెను. ఇచ్చట 2004 జూన్ 1వ తేదీని 421వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు వచ్చి, రైతు ఆత్మహత్యకు పరిహారము నిర్ణయమగుటతో, పట్టికలలోని కారణమునకు క్రొత్తగా ధర వచ్చినది. ఏ చావు 'నిజమైన' రైతు చావో, ఏది కాదో విచారించుటకు అధికారుల సంఘములు ఏర్పడినవి. కడుపునొప్పియో, అప్పునొప్పియో యను ప్రశ్న అంతటితో కచేరీ ప్రశ్నయైనది. ఆసుపత్రిలో మొదటగా ఆ నోటిమాట వినునది విద్యార్థినర్సు. ఆమె వ్రాసికొన్నది యేమో, వ్రాయనిది యేమో, ఆ కుటుంబమునకు మఱునాడు తెలియును.

ఇచ్చట నా పక్షమువారిని కూడ మందలింపవలసియున్నది. అజ్ఞానమను మాటను విడిచినట్లే విడిచి 'సంస్కృతి' యను మాటను తెచ్చిపెట్టుకొన్న సమాజశాస్త్రజ్ఞులు కలరు. రాయలసీమ వారి సంస్కృతియే యట్టిది, కత్తి వారి సంస్కృతి, కోపము వారి సంస్కృతి, కారము వారి సంస్కృతి అని చెప్పి, నీళ్లు, భూములు, కాంట్రాక్టులు ఎవరి చేతిలోనున్నవో చెప్పకుండుట, అజ్ఞానవాదమునకు శాలువ కప్పుటయే. నిజాము కుంఫిణీవారికి దత్తము చేసినందున ఈ సీమను దత్తమండలములనుచుండగా, ఆ పేరు అవమానకరమని తలంచి 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ యని మార్చుకొన్న జనులు మనము. ఒక పేరు మాఱినందున ఒక్క చెఱువైనను నిండలేదు, నిజమే. కాని ఎవరో పెట్టిన పేరును మోయనక్కఱలేదను ఎఱుక కలిగినది. రోగికి 'అజ్ఞాని' యను పేరుపెట్టుట కూడ దత్తము చేయుట వంటిదే.

'సరే, వాన కురిపింపగలనా? భూములు పంచగలనా? నా చేతిలో నున్నది సూదియు మాత్రయు' అని విద్యార్థి యడుగును. న్యాయమైన ప్రశ్న. వైద్యుడు రుడాల్ఫ్ విర్కోను 1848లో ప్రష్యా ప్రభుత్వము ఎగువ సిలీషియాకు టైఫసు జ్వరమును చూడ పంపగా, ఆయన విద్య, రహదారులు, స్వపరిపాలన కావలెనని చికిత్స వ్రాసి తెచ్చెను; ప్రభుత్వము సంతోషింపలేదు. అందఱును విర్కోలు కానక్కఱలేదు. నేను కోరునది చాల చిన్నది. కడపలోను రాజంపేటవైపునను బిడ్డల తల్లులనేకులు కువైటులో ఇంటిపనులకు పోయియున్నారు. వారి బిడ్డలను అవ్వలు పెంచుచున్నారు. మన ఆసుపత్రి గోడలమీది చిత్తరువులన్నియు 'తల్లీ' యని పిలుచును. ఆ పిలుపు కువైటు చేరదు. చదువురాని అవ్వకు చిత్తరువు మాటలాడదు. 'కుటుంబము' అను పాఠమును సరిగా చదివిన విద్యార్థిని ఆ చిత్తరువును అవ్వతో మాటలాడించును. ఆరోగ్యశ్రీ పేర 2007లో మొదలైన పథకము శస్త్రచికిత్స ఖర్చును మోయుచున్నది, గొప్ప సంగతి. కాని నూఱు కిలోమీటర్ల మేర ప్రయాణించి కర్నూలు పెద్దాసుపత్రిలో తోడుండువాని దినకూలిని అది మోయదు. ఆ కూలిని ఒక్కసారి లెక్కవేసిన విద్యార్థి, 'రేపు రాపో' యనెడి మాటను సులభముగా పలుకడు. సుగ్గికి ఎన్నడు పోదురని రోగిని మొదటిదినముననే యడిగిన నర్సు, బదిలీ కాగితమును ముందుగనే వ్రాయించి చేతికిచ్చును. ఇంతకన్న నాకు ఆశ లేదు.

నేను బోధన విరమించిన యేడు తుది తరగతిలో 'రోగిపాత్ర' చెప్పి, ఇంటివద్ద కాన్పులను గూర్చి మాటలాడుచు, నేనును అలవాటున 'అవగాహనలేమి' యను మాటను జాఱవిడిచితిని. వెనుక బెంచీలోనుండి కోసిగివైపు పిల్ల యొకతె లేచినది. సామాన్యముగా నోరు విప్పదు. 'మాయమ్మకు అన్నీ తెలుసు సార్. ఆస్పత్రికి పోవాలనీ తెలుసు. సుగ్గికి పోయినాంక గుంటూరుకాడ మిరపకళ్లంలో నొప్పులొచ్చినాయి, రాత్రి బండి ల్యా. నేను ఆడ్నే పుట్టినా' అన్నది. తరగతి నిశ్శబ్దమైనది. ఏమి చెప్పుటకును తోచక, నీ జననపత్రములో ఏమి వ్రాసిరని యడిగితిని. రేషన్‌కార్డు ఊరిలోనే యున్నది గనుక, పుట్టినచోటను గడిలో కోసిగి యనియే వ్రాయించిరట.